టాంజానియా కుర్రాడు, ఇంజినీరింగ్ స్కాలర్‌షిప్, 1,500 డాలర్ల ఏజెంటు: నా సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీరు టాంజానియాలో, విక్టోరియా సరస్సు ఒడ్డున ఉన్న మ్వాంజాలో, ఒక నూనె మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తున్నారు. మీ దగ్గర హెల్పర్‌గా చేసే ఆయన కొడుకు ఈ ఏడాది ఫారం సిక్స్‌లో (మన ఇంటర్ లాంటిది) పీసీఎం, అంటే మన ఎంపీసీ, తీసుకుని డివిజన్ వన్ (ఫస్ట్ క్లాస్) తెచ్చుకున్నాడు. విదేశంలో, కుదిరితే మన హైదరాబాద్‌లో, ఇంజినీరింగ్ చదవాలని అతని కోరిక. ఒక ఏజెంటు 1,500 డాలర్లు కడితే ‘ఫుల్ స్కాలర్‌షిప్’ ఇప్పిస్తానంటున్నాడు. తండ్రి అప్పు చేసి కట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. కట్టమనాలా, వేరే దారి ఉందా అని మీరు అడుగుతున్నారు.

కట్టనివ్వకండి. ఒక్క షిల్లింగు కూడా వద్దు. విదేశీ విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లిచ్చే మన దేశపు ఐసీసీఆర్ గానీ, టర్కీ ప్రభుత్వపు తుర్కియే బుర్స్‌లారీ గానీ, జపాన్ ప్రభుత్వపు మెక్స్ట్ గానీ అప్లికేషన్‌కి డబ్బు తీసుకోవు. మధ్యలో ఏజెంటుతో పనే లేదు. రెండో మాట: ఈ ఏడాదే పంపించెయ్యాలని తొందరపడకండి. అబ్బాయిని ఇప్పుడు అక్కడే యూనివర్సిటీలో చేర్పించి, కాగితాలు సరిచేయించి, వచ్చే ఫిబ్రవరిలో అప్లై చేయించండి. మార్కులున్న పిల్లలు కూడా ఎక్కువగా తప్పిపోయేది క్యాలెండర్ దగ్గర, కాగితాల దగ్గర. మీ సాయం అక్కరకొచ్చేదీ అక్కడే.

నేను టాంజానియాలో 19 ఏళ్లు ఫిజిక్స్, మ్యాథ్స్ చెప్పాను. మొదట మ్వాంజా వైపు, తరువాత మొరొగొరోలో. ఇప్పుడు కాకినాడలో ఉంటున్నా, పాత పిల్లలు వాట్సాప్‌లో ‘షికమో మ్వలిము’ (నమస్కారం మాస్టారూ) అంటూనే ఉంటారు. బయటికి వెళ్లిన వాళ్లనీ చూశాను, ఆగిపోయిన వాళ్లనీ చూశాను. ఆగిపోయిన వాళ్లలో తెలివి తక్కువ వాళ్లు ఒక్కరు కూడా నాకు గుర్తు రావడం లేదు.

ముందు క్యాలెండర్ సంగతి. ఫారం సిక్స్ పరీక్షలు మే నెలలో, ఫలితాలు జూలైలో. ఐసీసీఆర్ అప్లికేషన్లు తీసుకునే ఎ టూ ఎ పోర్టల్ తెరిచేది దాదాపు ఫిబ్రవరిలో, మూసేది వేసవిలో. అంటే ఈ అబ్బాయి చేతికి ఫలితం వచ్చేసరికి తలుపు మూసేసి ఉంటుంది. పైగా ఫారం సిక్స్ అయిన పిల్లల్ని జేకేటీ (జాతీయ సేవా శిక్షణ) క్యాంపుకి పిలుస్తారు. ఆ కొన్ని నెలలు ఫోనూ సరిగా ఉండదు, ఇంటర్నెట్టూ ఉండదు. అక్కడి నుంచి వచ్చాక స్థానిక యూనివర్సిటీ అడ్మిషన్ల హడావిడి. ఈ మధ్యలో ఏజెంటు వచ్చి ‘ఇంకా టైముంది, నేను చూసుకుంటా’ అంటే ఇంట్లో వాళ్లు నమ్మడంలో వింత లేదు.

అందుకే నేను ప్రతి ఒక్కరికీ ఒకటే చెప్పేవాణ్ని. ముందు ఇంట్లో దీపం వెలిగించుకో. దార్ ఎస్ సలాం యూనివర్సిటీ ఇంజినీరింగ్ కాలేజీకి గానీ, మరో ప్రభుత్వ యూనివర్సిటీకి గానీ అప్లై చెయ్యి. హెచ్‌ఈఎస్‌ఎల్‌బీ అనే ప్రభుత్వ బోర్డు వాళ్ల విద్యా రుణానికి పెట్టుకో. విదేశం వస్తే వెళ్తావు, రాకపోతే ఏడాది పోదు. ఆ రుణం అప్పే, మధ్యలో మానేసి వెళ్లినా తీసుకున్నంత తిరిగి కట్టాల్సిందే. ఆ లెక్క తండ్రికి ముందే అర్థమయ్యేలా చెప్పండి. ఏమీ చేరకుండా స్కాలర్‌షిప్ కోసం ఇంట్లో కూర్చున్న పిల్లల్ని చూశాను. రెండో ఏడాదికి వాళ్ల పుస్తకాలు అటక ఎక్కాయి, వాళ్లు బోడాబోడా (బైక్ టాక్సీ) ఎక్కారు. ఆ బాధ నాకు ఇప్పటికీ పోలేదు.

రెండోది పేరు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ నేను చూసిన కేసుల్లో ఎక్కువ ఆలస్యం దీనివల్లే. టాంజానియాలో మూడు పేర్లుంటాయి: సొంత పేరు, తండ్రి పేరు, తాత పేరు. బడిలో రెండే రాయించి ఉంటారు. పుట్టిన సర్టిఫికెట్‌లో మూడూ ఉంటాయి, కానీ స్పెల్లింగ్ వేరు. నీడా కార్డులో (మన ఆధార్ లాంటిది) ఇంకోలా. పాస్‌పోర్టు వాళ్లు నీడాని బట్టి ఇస్తారు. తీరా మన ఫారాల్లో ‘సర్‌నేమ్’ అని ఒక గడి ఉంటుంది. అందులో తండ్రి పేరు రాయాలా, తాత పేరు రాయాలా అని పిల్లలు తెల్లమొహం వేస్తారు. మన ఇంటిపేరు ముందు రాయాలా వెనక రాయాలా, పొడి అక్షరమా పూర్తి పేరా అని మనం పాస్‌పోర్టు ఆఫీసులో పడ్డ టెన్షన్ ఇలాంటిదే కాబట్టి మీకు చప్పున అర్థమవుతుంది. నా పద్ధతి ఏమిటంటే, నెక్టా (అక్కడి పరీక్షల బోర్డు) సర్టిఫికెట్‌లో ఉన్న పేరునే అసలు పేరుగా పట్టుకోవాలి. చదువు అంతా దాని మీదే నిలబడుతుంది కాబట్టి మిగతావి దానికి సరిపెట్టాలి. తేడా ఉంటే లాయరు దగ్గర డీడ్ పోల్ (పేరు మార్పు పత్రం) రాయించి రిజిస్టర్ చేయించాలి. పాస్‌పోర్టు తీసుకోకముందే ఈ పని అయిపోవాలి. తరువాత అయితే ఖర్చు రెండింతలు.

ఇక ఐసీసీఆర్ అంటే ఏమిటో చెప్తాను. 1950లో మౌలానా ఆజాద్ చొరవతో ఏర్పడిన భారత ప్రభుత్వ సంస్థ అది. ఆఫ్రికా దేశాల విద్యార్థులకు విడిగా స్కీమ్ ఉంది. 18 నుంచి 30 ఏళ్ల మధ్య వయసుండాలి. బీటెక్‌కి ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ చదివి ఉండాలి. పీసీఎం వాళ్లకి ఇది సరిగ్గా సరిపోతుంది. ఒకే అప్లికేషన్‌లో ఐదు యూనివర్సిటీల వరకు వరస క్రమంలో ఎంచుకోవచ్చు. దార్ ఎస్ సలాంలో మన హైకమిషన్, జాంజిబార్‌లో కాన్సులేట్ ఉన్నాయి, అనుమానాలుంటే అడగొచ్చు. ఎంపికైతే ట్యూషన్ ఫీజు వాళ్లే కడతారు. డిగ్రీ స్థాయిలో నెలకు 18,000 రూపాయల స్టైపెండ్, హాస్టల్ దొరక్కపోతే ఇంటద్దెకి ఊరిని బట్టి 5,500 లేదా 6,500 ఇస్తారు. విమాన టికెట్ స్కీమును బట్టి ఉంటుంది, ఆఫర్ లెటర్‌లో ఆ వాక్యం వెతికి చదవండి.

యూనివర్సిటీల ఎంపికలో పిల్లలు చేసే పొరపాటు ఒకటుంది. ఐదూ ఢిల్లీ, ముంబై, బెంగళూరు పేర్లే పెడతారు. పెద్ద పేర్లు రెండు పెట్టి, మిగతా మూడు కొంచెం తక్కువ పోటీ ఉన్న మంచి ప్రభుత్వ యూనివర్సిటీలు పెట్టించండి. ఏ యూనివర్సిటీ అయినా, ఆ డిగ్రీకి తిరిగొచ్చాక టాంజానియాలో గుర్తింపు ఉంటుందో లేదో టీసీయూలో (అక్కడి యూనివర్సిటీల కమిషన్) ముందే కనుక్కోవాలి. బయట చదవడానికి వెళ్లేవాళ్లకి నో అబ్జెక్షన్ పత్రం ఇచ్చేదీ వాళ్లే. ఇంజినీర్‌గా నమోదు చేసుకోవాల్సిన రోజున ఇంజినీర్స్ రిజిస్ట్రేషన్ బోర్డు ముందు ఈ కాగితాలే మాట్లాడతాయి.

అప్లికేషన్‌తో పాటు 500 మాటల ఇంగ్లీషు వ్యాసం ఒకటి రాయాలి. ఇక్కడ కొంచెం ఆగి వివరంగా చెప్పాలని ఉంది.

టాంజానియాలో ప్రభుత్వ ప్రైమరీ బడిలో ఏడేళ్లు చదువంతా స్వాహిలీలో. ఫారం వన్‌లో, అంటే హైస్కూల్లో, అడుగు పెట్టగానే అన్నీ ఒక్కసారిగా ఇంగ్లీషు. తెలుగు మీడియంలో పది దాకా చదివి ఇంటర్లో ఎంపీసీ తీసుకున్న వాళ్లకి ఆ మొదటి మూడు నెలలు ఎలా ఉంటాయో తెలుసు. నాకూ తెలుసు, నేనూ అలా వచ్చినవాణ్నే. స్వాహిలీలో ‘న్‌గువు’ అనే ఒక్క మాటతోనే బలం, శక్తి, సత్తువ అన్నీ చెప్పేస్తారు. మనం కూడా మాటల్లో బలమనీ శక్తనీ కలిపేస్తాం కదా. ఫోర్స్ వేరు, పవర్ వేరు అని వాళ్లకి చెప్పేటప్పుడు మా తెలుగులోనూ ఇదే ఇబ్బంది అని చెబితే పిల్లల మొహాలు వెలిగేవి. అంతదాకా లోపం తమ బుర్రలోనే ఉందనుకునేవాళ్లు.

ఇలా వచ్చిన పిల్లాడు వ్యాసం అనగానే ఎక్కడో దొరికిన పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు పేరుస్తాడు. చిన్నప్పటి నుంచి నా కల, దేశానికి సేవ, ఇండియా గొప్ప సంస్కృతి, అంతే. నా స్టూడెంట్ ఒకడు ఇలాగే రాసుకొచ్చాడు. వాణ్ని కూర్చోబెట్టి, ‘మీ ఊళ్లో నువ్వు చూసిన ఏ యంత్రం చెడిపోయింది, చెప్పు’ అన్నాను. వాళ్లమ్మ మొక్కజొన్నలు నెత్తిన పెట్టుకుని వెళ్లే పిండిమర ఉంది. డీజిల్ ఇంజిన్ తీసేసి కరెంటు మోటారు పెట్టారు. అది ఏడాదిలో రెండుసార్లు కాలిపోయింది. మర మూతపడిన రోజుల్లో వాళ్లమ్మ పక్క ఊరిదాకా నడిచేది. ఎందుకు కాలిందో ఎవరికీ తెలియదు, ఓనరు మోటారు మంచిది కాదన్నాడు. ఫారం ఫైవ్‌కి వచ్చాక వాడికి ఒక ఎలక్ట్రీషియన్ చెప్పాడట, మూడు ఫేజుల్లో ఒకటి పోతే మిగతా రెండింటి మీద మోటారు మూలుగుతూ వేడెక్కి కాలుతుందని. మీరు ఈ పనిలోనే ఉన్నారు కాబట్టి సింగిల్ ఫేజింగ్ గురించి నేను చెప్పక్కర్లేదు. ‘దీన్నే రాయి, నీకొచ్చిన ఇంగ్లీషులోనే రాయి’ అన్నాను. చిన్న చిన్న వాక్యాల్లో రాశాడు. ఆ ఏడాది వాడికి మన రాష్ట్రంలోనే ఈఈఈలో సీటొచ్చింది. ఇప్పుడు డొడోమా వైపు సబ్‌స్టేషన్ పనుల్లో ఉన్నాడు. వ్యాసం ఒక్కదానితోనే వచ్చిందని నేను అనను, మార్కులూ ఉన్నాయి. కానీ అదే మార్కులతో ఆ ఏడాది అప్లై చేసిన మరో ఇద్దరికి రాలేదు.

ఈ అబ్బాయి తండ్రి మీ మిల్లులోనే పనిచేస్తున్నాడంటే, ఆ కుర్రాడి దగ్గరా ఇలాంటి కథ తప్పకుండా ఉంటుంది. ఒక ఆదివారం మిల్లుకి తీసుకెళ్లి ప్యానెల్ బోర్డు ముందు నిలబెట్టండి. వాడు అడిగే ప్రశ్నల్లోంచే వ్యాసం పుడుతుంది. మీరు మాత్రం రాసిపెట్టకండి.

ఏజెంట్ల గురించి ఎందుకింత గట్టిగా చెప్పానో కూడా రాస్తాను. గెయిటా వైపు కుర్రాడొకడు, మంచి మార్కులు. వాళ్ల నాన్న ఆవులు అమ్మి ఏజెంటుకి కట్టాడు. ఆ ప్రాంతపు సుకుమా తెగ వాళ్లకి ఆవులంటే బ్యాంకు, పరువు, కొడుకు పెళ్లి, అన్నీ అవే. కుర్రాడికి ఒక ప్రైవేటు కాలేజీ నుంచి లెటర్ వచ్చింది, అందులో స్కాలర్‌షిప్ అనే మాట ఉంది. ఇండియా చేరాక తెలిసింది, అది ఫీజులో సగం తగ్గింపు మాత్రమే. మిగతా సగం, హాస్టలు, తిండి అన్నీ సొంతం. మూడు సెమిస్టర్లు ఎలాగో లాక్కొచ్చి చదువు ఆపేసి వెనక్కి వెళ్లాడు. ఫీజు తగ్గింపుని స్కాలర్‌షిప్ అని పిలవడం నేరం కాకపోవచ్చు, ఆ ఇంటికి మాత్రం అది నష్టమే. ఏ లెటర్ వచ్చినా నాలుగు ప్రశ్నలు అడగండి: ట్యూషన్ ఎంత శాతం? నెలకి చేతికి ఎంత? ఉండటానికి చోటు ఎవరిస్తారు? నాలుగేళ్లూ ఇస్తారా, మొదటి ఏడాదికేనా? నాలుగింటికీ రాతపూర్వకంగా జవాబు లేకపోతే ఆ లెటర్‌ని నమ్మకండి.

నిజమైన ఫుల్ స్కాలర్‌షిప్‌లో కూడా చేతి నుంచి పడే ఖర్చులు ఉంటాయి. పాస్‌పోర్టుకి 150,000 షిల్లింగులు. మెడికల్ పరీక్షలు, కాగితాల ధ్రువీకరణ. మ్వాంజా నుంచి దార్‌కి బస్సులో వెయ్యి కిలోమీటర్ల పైమాట, అదీ ఒక్కసారితో అయ్యే పని కాదు. అన్నిటికన్నా ముఖ్యం, ఇండియాలో దిగిన మొదటి రెండు మూడు నెలలు. దిగిన 14 రోజుల్లో ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో (విదేశీయుల నమోదు ఆఫీసు) నమోదు చేసుకోవాలి, తరువాత బ్యాంకు ఖాతా, ఆ తరువాతే స్టైపెండ్. ఈలోగా తిండికి, అద్దె అడ్వాన్సుకి కనీసం 500 డాలర్లు చేతిలో ఉండాలి. ఏజెంటు అడిగిన దాంట్లో ఇది మూడో వంతు. అక్కడ పెళ్లికైనా చావుకైనా ‘మ్చాంగో’ వేసుకుంటారు, మన చదివింపుల లాగే. చదువుకి కూడా వేస్తారు. మీరు, మీ మిల్లు స్టాఫ్ మొదటి మ్చాంగో వేస్తే మిగతా ఊరు కదులుతుంది. ఆ డబ్బు ముందే ఇచ్చేయకుండా దాచి, పాస్‌పోర్టప్పుడు కొంత, ప్రయాణమప్పుడు మిగతాది ఇవ్వండి.

ఇతర దేశాల సంగతి త్వరగా చెప్పేస్తాను. తుర్కియే వాళ్లవి సాధారణంగా జనవరి 10 నుంచి ఫిబ్రవరి 20 దాకా, ముందు ఏడాదంతా టర్కిష్ నేర్పిస్తారు, వసతి, టికెట్ కలిపి ఇస్తారు. చైనా ప్రభుత్వ స్కాలర్‌షిప్‌లు చాలా ఉన్నాయి, చైనీస్‌లో చెప్పే కోర్సయితే ముందు భాష ఏడాది. జపాన్ మెక్స్ట్‌కి మ్యాథ్స్, సైన్స్ పరీక్ష ఉంటుంది, గట్టిది, కానీ నెగ్గితే చాలా మంచిది. అమెరికాలో ఎంఐటీ లాంటి కొన్ని చోట్ల విదేశీ విద్యార్థి డబ్బు స్తోమత చూడకుండా సీటిచ్చి, అవసరమైనంత సాయం చేస్తారు. పోటీ మాత్రం ప్రపంచమంతటితో. ఇంటికి దగ్గర్లో మరోటుంది: 2023లో జాంజిబార్‌లో మొదలైన ఐఐటీ మద్రాస్ క్యాంపస్. మన దేశం బయట పెట్టిన మొదటి ఐఐటీ అది. డేటా సైన్స్, ఏఐలో బీఎస్ ఉంది. జేఈఈ అక్కర్లేదు, వాళ్ల సొంత పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఫీజు మాత్రం హెల్పర్ జీతానికి అందేది కాదు, కాబట్టి సాయం ఏమైనా దొరుకుతుందా అని కనుక్కున్నాకే ఆలోచించండి.

బ్రాంచి విషయంలో నా అభిప్రాయం: అందరూ కంప్యూటర్ సైన్స్ అంటారు. రుఫీజీ నది మీద 2,115 మెగావాట్ల జూలియస్ న్యెరెరే ప్రాజెక్టు కట్టారు, 2024లో దార్ నుంచి డొడోమా దాకా కరెంటు రైలు నడవడం మొదలైంది. ఇవి నడపడానికి, రిపేరు చేయడానికి ఎలక్ట్రికల్, సివిల్, మెకానికల్ వాళ్లు ఆ దేశంలో చాలామంది కావాలి. తిరిగి వెళ్లి పనిచేయాలనుకునే పిల్లాడికి నేను ఎలక్ట్రికలే చెప్తాను.

ఇప్పుడు హైదరాబాద్. దీన్ని దాచకుండా చెప్పాలి. ఉస్మానియా, తార్నాక చుట్టుపక్కల ఆఫ్రికా పిల్లలు చాలామంది ఉంటారు కాబట్టి అబ్బాయి ఒంటరివాడు కాడు. ఉగాలి కోసం బెంగ పెట్టుకోనక్కర్లేదు, మన సంకటి దానికి అన్నదమ్ముడే. విక్టోరియా సరస్సులో దొరికే ‘దగా’ అనే చిన్న చేపలకి బదులు ఎండు నెత్తళ్లు దొరుకుతాయి. కానీ ఇల్లు అద్దెకి అడిగితే కొందరు ఓనర్లు మొహం చూసి లేదంటారు. రోడ్డు మీద కొందరు నోరు పారేసుకుంటారు. నా స్టూడెంట్ ఒకడు ఫోన్‌లో ‘మ్వలిము, మీరు మా ఊళ్లో ఉన్నన్నాళ్లూ మిమ్మల్ని ఎవరైనా ఇలా అన్నారా’ అని అడిగాడు. ఎవరూ అనలేదు. నాకు సిగ్గేసింది. అందుకే మొదటి ఏడాది హాస్టల్‌కే ప్రయత్నించమనండి. మీకు హైదరాబాద్‌లో చుట్టాలుంటే ఒక్క ఇంటి ఫోన్ నంబర్ ఇచ్చి పంపండి, పండక్కి ఒకసారి భోజనానికి పిలవమనండి. 19 ఏళ్లు నన్ను ఆ ఊళ్లు అలాగే చూసుకున్నాయి.

క్లాసులో ఇంకో చిక్కు. పుస్తకం ఇంగ్లీషే, కానీ కష్టమైన చోటికి రాగానే మన లెక్చరర్లు తెలుగులోకి దిగుతారు. అసలు విషయం అర్థం కావాల్సిన ఆ రెండు నిమిషాలే ఈ పిల్లలకి అందవు. మొదటి వారంలోనే లెక్చరర్‌కి మర్యాదగా చెప్పుకోమనండి, చాలామంది వింటారు. మ్యాథ్స్‌లో పీసీఎం పిల్లలకి ఇబ్బంది ఉండదు. అడ్వాన్స్‌డ్ మ్యాథమెటిక్స్ చదివిన వాళ్లు మొదటి సెమిస్టర్లో పక్కవాళ్లకే చెబుతారు. తడబడేది ప్రోగ్రామింగ్‌లో, ఇంజినీరింగ్ డ్రాయింగ్‌లో. ఈ మిగిలిన నెలల్లో మీ ఆఫీసులో పాత కంప్యూటర్ ఒకటుంటే సాయంత్రాలు ఇవ్వండి. టైపింగ్, కొంచెం సీ లాంగ్వేజ్ వస్తే చాలు. చదువు బాగా దెబ్బతింటే స్కాలర్‌షిప్ ఆపేసే వీలుంది, ఆ సంగతి అబ్బాయికి తెలిసుండాలి.

రెండేళ్లు ప్రయత్నించినా రాకపోతే? అప్పుడు ఇంజినీరింగ్ దార్‌లోనే పూర్తి చేసి, మాస్టర్స్‌కి బయటికి వెళ్లమనండి. నిజానికి కొందరికి నేను మొదటి నుంచీ ఇదే చెప్పాను. మాస్టర్స్ స్థాయిలో డబ్బులిచ్చే చోట్లు ఎక్కువ: బ్రిటన్ వాళ్ల కామన్వెల్త్, జర్మనీ వాళ్ల డాడ్, యూరప్ వాళ్ల ఎరాస్మస్ ముండుస్ ఉన్నాయి. పక్కనే రువాండా రాజధాని కిగాలీలో కార్నెగీ మెలన్ ఆఫ్రికా క్యాంపస్ ఉంది, మాస్టర్‌కార్డ్ ఫౌండేషన్ సాయంతో చదివేవాళ్లు అక్కడ చాలామంది. టాంజానియా తొలి అధ్యక్షుడు న్యెరెరే కూడా ఉగాండాలోని మకెరెరేలో చదివి, టబోరాలో పాఠాలు చెప్పిన తరువాతే 1949లో స్కాలర్‌షిప్ మీద ఎడిన్‌బరో వెళ్లారు. ఆయనది మీ సరస్సు వైపు బుటియామానే, అబ్బాయికి ఆ సంగతి తెలిసే ఉంటుంది.

ఈ వారం ఒక్క పని చేయండి. నెక్టా రిజల్ట్, పుట్టిన సర్టిఫికెట్, నీడా నంబర్ కాగితం మూడూ బల్ల మీద పక్కపక్కన పెట్టి పేర్లు అక్షరం అక్షరం సరిచూడండి. పుట్టిన తేదీ కూడా. ఎక్కడ తేడా ఉందో ఇక్కడ రాయండి, డీడ్ పోల్‌లో ఏం రాయించాలో చెబుతాను. కాగితాల ఫొటోలు మాత్రం పెట్టకండి, తేడా ఒక్కటే రాయండి.